సన్యాసమ్మ అంగిలిని ఎవరు చూశారు

ప్యాథాలజీలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ ఒకే మాట అడుగుతారు. "మేడమ్, ఈ బ్రాంచిలో రోగుల గొడవ ఉండదు కదా? ప్రశాంతంగా ఉంటుంది కదా?"

ఉండదు. నేను మైక్రోస్కోపు ముందు కూర్చున్నన్నాళ్ళూ ప్రశాంతంగా ఉన్నది తక్కువ, కోపంతో ఊగిపోయింది ఎక్కువ. నా నోటి దురుసే కారణమని మా ఆయన అంటారు. కొంత నిజమే. మిగతా కారణం నేను పనిచేసిన పెద్దాసుపత్రిలో ఉంది, మన వృత్తి నడిచే తీరులో ఉంది. అది మీకు పాఠాల్లో ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. ఎక్కువగా ఒకే ఒక్క మనిషి గురించి రాస్తాను. ఆవిడ పేరు సన్యాసమ్మ.

ముక్కల డాక్టరమ్మ

డెబ్బైల మధ్యలో నేను విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాను. మాది గోదావరి జిల్లా. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం రావడంతో ఈ ఊరు వచ్చాం. ఆసుపత్రిలో మా ల్యాబు కింది అంతస్తులో, మార్చురీకి పోయే దారిలో ఉండేది. సర్జన్లు రోగి ఒంట్లోంచి చిన్న ముక్క కోసి మాకు పంపేవారు. దాన్ని మైనంలో పొదిగి, పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, అది కేన్సరా కాదా చెప్పడం మా పని.

ఆ ముక్కలు ఖాళీ పెన్సిలిన్ సీసాల్లో వచ్చేవి. ముక్క చెడకుండా ఫార్మలిన్‌లో వేసి పంపండి బాబూ అని నెత్తీనోరూ బాదుకున్నా, కొందరు ఉప్పునీళ్ళలో వేసేవారు, కొందరు తడి గుడ్డలో చుట్టి పంపేవారు. మా చేతికి వచ్చేసరికి అది కుళ్ళిపోయి ఉండేది. సముద్రపు గాలికి మా కోత కత్తులు తుప్పుపట్టేవి. కరెంటు పోతే మైనం గడ్డకట్టేది. ఇవన్నీ భరించాను. భరించలేకపోయింది సర్జన్లు మమ్మల్ని చూసే చూపు. సీసా మీద "అంగిలి, ఆడ" అని మాత్రం రాసి పంపేవారు. వయసెంత, పుండు ఎంతుంది, మెడలో గడ్డలున్నాయా అని అడిగితే, "అవన్నీ మీకెందుకు? ముక్క చూసి పేరు చెప్పండి చాలు" అనేవారు. నా వెనకాల నన్ను ముక్కల డాక్టరమ్మ అనేవారని కూడా నాకు తెలుసు.

గ్రేడు వేరు, స్టేజి వేరు

ఇది అర్థం కాకపోతే తరువాత చెప్పేది ఏదీ అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

గ్రేడు అంటే ఆ కణాలు ఎంత చెడిపోయాయన్న లెక్క. అంగిలి చర్మంలోంచి పుట్టిన కేన్సర్ కణానికి ఇంకా అంగిలి చర్మం పోలిక ఉంటే అది మొదటి గ్రేడు. తల్లి పోలిక పూర్తిగా పోయి, ఎక్కడిదో చెప్పలేనంతగా మారిపోతే మూడో గ్రేడు. ఇది మైక్రోస్కోపులో కనబడుతుంది. స్టేజి అంటే జబ్బు ఎంత దూరం పాకిందన్న లెక్క. పుండు ఎంత వెడల్పు, ఎముకలోకి దిగిందా, మెడ గడ్డల్లోకి వెళ్ళిందా, ఊపిరితిత్తుల దాకా పోయిందా అన్నది చూడాలి. ఇది మైక్రోస్కోపులో కనబడదు. రోగి దగ్గరికి వెళ్ళి, నోరు తెరిపించి, మెడ తడిమి, ఎక్స్‌రే తీయించి చూస్తేనే కనబడుతుంది.

చదువుకున్న డాక్టర్లే ఈ రెంటినీ కలిపేసేవారు. నేను మొదటి గ్రేడు అని రాస్తే వార్డులో "ఏం భయం లేదు, మొదట్లోనే ఉంది" అని చెప్పేసేవారు. కణాలు అంతగా చెడకపోయినా జబ్బు మెడ దాకా పాకి ఉండొచ్చు కదా! ఒకసారి పోర్టులో బస్తాలు మోసే మనిషి మెడలో గడ్డ కోసి, టీబీ అనుకుని నాకు పంపారు. చూస్తే కేన్సర్. అది నోట్లోంచి దిగిందని నాకు అనుమానం వచ్చి కబురు పెడితే, అప్పుడు నోరు తెరిపించారు. నాలుక కింద ఇంత పుండు! అప్పటిదాకా ఆ మనిషి నోట్లోకి తొంగి చూసినవాడే లేడు. గడ్డ చేతికి తగిలింది, కోసేశారు, అంతే.

మూడోది ఒకటుంది. దానికి పుస్తకాల్లో రెండు పేరాలు కూడా ఉండవు. ఆపరేషన్ అయ్యాక జబ్బు తిరిగి వస్తోందా అని కనిపెట్టుకుని ఉండడం. గ్రేడు చెప్పడానికి తెలివి కావాలి, స్టేజి చెప్పడానికి శ్రద్ధ కావాలి. ఈ మూడోదానికి కావలసింది ఓపిక. మా ఆసుపత్రిలో అన్నిటికన్నా కరువైంది అదే.

అడ్డపొగ

ఈ వైపు పల్లెల్లో ఆడవాళ్ళు అడ్డపొగ కాల్చేవారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. కొత్తలో అది చూసి నేను నోరెళ్ళబెట్టాను. ఒకావిడని అడిగితే నవ్వి, "గాలికి నిప్పు ఆరదు, బూడిద రాలదు, రెండు సేతులూ పనికి కాలీగుంటాయి గదమ్మా" అంది. ఆవిడ లెక్క ఆవిడకుంది.

ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. కొన్నేళ్ళకి అంగిలి మందమై తెల్లబడుతుంది. పలుగూ పారా పట్టిన అరచెయ్యి కాయ కాసినట్టే అనుకోండి. ఆ తెలుపు చూడ్డానికి భయంగా ఉంటుంది గాని, చాలామందికి అది అంత ప్రమాదం కాదు. భయపడవలసింది ఆ తెలుపు పక్కన చర్మం పల్చబడి ఎర్రగా మారిన చోటుకి. కేన్సర్ ఎక్కువగా అక్కడ మొదలవుతుంది.

మా సర్జన్లకి ఇది తెలియదని నేను అనను. తెలుసు. కాని ఆ ఆడవాళ్ళ నోటి దగ్గరికి మొహం పెట్టడం వాళ్ళకి అసహ్యం. పొగాకు వాసన. అందుకని దూరంనుంచి పట్టకారు పెట్టి, తేలిగ్గా చేతికొచ్చే తెల్లటి పొరని గిల్లి సీసాలో వేసేవారు.

మొదటి ముక్క

సన్యాసమ్మ ముక్క అలాగే వచ్చింది. ఎనభైల మొదట్లో, స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ఆవిడ ఊరు ప్లాంటు భూముల్లో పోయింది. కూర్మన్నపాలెం దగ్గర ఇచ్చిన స్థలంలో రేకుల ఇల్లు వేసుకుని, గేదెల్ని పెట్టుకుని పాలు అమ్మేది. కొడుకు అప్పలరాజు ప్లాంటులో కాంట్రాక్టరు కింద వెల్డింగ్ పని చేసేవాడు. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ముందు నా దగ్గరికి వచ్చింది తెల్లటి పొర మాత్రమే.

మైక్రోస్కోపులో పెడితే పైచర్మం తప్ప ఏమీ లేదు. అడుగు పొర లేదు. అడుగు చూడకుండా కేన్సర్ లోపలికి దిగిందో లేదో ఎవరు చెప్పగలరు? "ముక్క చాలదు. ఎర్రగా ఉన్న చోట లోతుగా తీసి పంపండి" అని రాశాను.

మా హెడ్ గారు నన్ను గదిలోకి పిలిచారు. నాకు స్లైడ్లు చూడడం నేర్పింది ఆయనే, ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది. కాని సర్జన్లంటే ఆయనకి వణుకు.

"ఏమ్మా, మళ్ళీ 'చాలదు' అని రాశావట? ఆ అసిస్టెంట్ సర్జన్ ఫోన్‌లో ఒకటే అరుపులు. తనకి ముక్క తీయడం రాదంటున్నామా అని."

"ఆ మాట నేను అనలేదు సార్, ముక్కే అంటోంది."

"వెటకారం వద్దు. 'కేన్సర్ కనబడలేదు' అని రాసెయ్. అబద్ధం కాదుగా?"

"ముక్కలో కనబడలేదు సార్. మనిషిలో లేదని మనకెలా తెలుసు?"

"అది వాళ్ళు చూసుకుంటారు. మనకెందుకు?"

నేను రాయనన్నాను. ఆయనే రాసి, సంతకం పెట్టి పంపేశారు. ఆ "మనకెందుకు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముక్కలో లేదు అన్నమాట వార్డుకి చేరేసరికి మనిషిలో లేదు అయిపోతుంది. అది ఆయనకి తెలియక కాదు. తెలిసే చేశారు.

టార్చి పట్టుకుని నేనే వార్డుకి వెళ్ళాను. సన్యాసమ్మ అప్పటికే మూట కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. కొడుకు ఆటో కోసం వెళ్ళాడు.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికి. కేన్సరు నేదంటన్నారు గదా, ఎల్లిపోతన్నాను. నువ్వు ఏ డాట్రమ్మవు? నాను నిన్నెప్పుడూ సూడనేదు."

"నీ నోట్లోంచి తీసిన ముక్కని నేను చూశాను. ఇప్పుడు నోరు చూద్దామని వచ్చాను. ఒక్కసారి తెరువు."

తెరిచింది. అంగిలి అంతా సున్నం కొట్టినట్టు తెలుపు. ఎడమ పక్కన, వెనక పళ్ళ దగ్గర, గోరంత ఎర్రటి పుండు. వేలు పెట్టి తడిమితే అంచు గట్టిగా ఉంది.

"నొప్పుందా?"

"నొప్పి నేదమ్మా. ఏడి కూడు తింటే సుర్రుమంటాది, అంతే."

ఆ పుండుని ముక్క తీసినవాడు చూడకపోవడం ఎలా సాధ్యం? చూడడానికి టార్చి, వేలు, మనసు చాలు. నేను నర్సుని పిలిచి, ఈవిడ ఇంటికి వెళ్ళడానికి వీల్లేదని చెప్పి, అసిస్టెంట్ సర్జన్ దగ్గరికి వెళ్ళాను. నాకన్నా చిన్నవాడు, చేతి పని బాగా వచ్చినవాడు, ఆ సంగతి తనకి మరీ బాగా తెలిసినవాడు. "ప్యాథాలజీ వాళ్ళు వార్డుల్లో తిరగడం ఇక్కడే చూస్తున్నాను" అన్నాడు. "ఇక్కడే అవసరం పడుతోంది మరి" అన్నాను. సణుక్కుంటూనే ఆ ఎర్రటి చోట లోతుగా ముక్క తీసి పంపాడు.

కేన్సరే. మొదటి గ్రేడు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. మెడలో గడ్డల్లేవు. పుండు చిన్నది. అంటే స్టేజి కూడా మొదటిదే. గ్రేడూ స్టేజీ రెండూ మొదట్లో ఉండగా దొరకడం ఆ రోజుల్లో మా దగ్గర ఎంత అరుదో మీకు తెలియదు. చాలామంది మెడ నిండా గడ్డలతో వచ్చేవారు. సన్యాసమ్మ బతకవలసిన మనిషి. ఈ మాట గుర్తుంచుకోండి.

నోరు ఆవిడది

రిపోర్టు వెళ్ళాక అసిస్టెంట్ సర్జన్ అప్పలరాజునీ, ఆవిడ తమ్ముడినీ వరండాలోకి పిలిచి సంగతంతా చెప్పాడు. ఆవిడకి మాత్రం "పుండు, కోసేస్తాం" అని చెప్పారు. అదే అక్కడి పద్ధతి. ఆడమనిషి జబ్బు ఆడమనిషికి చెప్పరు. ఎందుకు చెప్పరండీ అని అడిగితే, "బెంబేలెత్తిపోయి గోల చేస్తారు మేడమ్, మీకు తెలియదు" అన్నాడు. నేను ఆడదాన్ని. నాకు తెలియదట!

చెప్పకపోతే ఏం నష్టం అంటారా? జబ్బు తిరిగి వస్తే ముందు తెలిసేది ఆ నోరున్న మనిషికి. ఏం వెతకాలో ఆవిడకి చెప్పకుండా, వరండాలో మగవాళ్ళకి చెప్పి చేతులు దులుపుకుంటే ఇంక కనిపెట్టుకుని ఉండేదెవరు?

ఆపరేషన్‌కి ముందు రోజు నేను వెళ్ళి ఆవిడ మంచం మీద కూర్చుని చెప్పాను. "సన్యాసమ్మా, అది ఉత్త పుండు కాదు. కేన్సర్."

ఏడవలేదు. "తెలుసమ్మా. ఉత్త పుండుకి ఇంతమంది డాట్రులు వత్తారేటి? మావోడు బయటికెల్లి కల్లు తుడుసుకోని వచ్చేడు. నానేటి గుడ్డిదాన్నా?" కోపంగా అంది: "అయితే మరి నాకెందుకు సెప్పనేదు? నోరు నాది గదా?"



అన్నీ చెప్పాను. అంగిలిలో కొంత ఎముకతో సహా తీసేస్తారని, అక్కడ ముక్కులోకి కన్నం పడుతుందని, ఆ కన్నానికి మూతలాగా డెంటల్ వాళ్ళు ప్లేటు చేసి ఇస్తారని, అది పెట్టుకుంటేనే తినడం, మాట్లాడడం కుదురుతుందని. చుట్ట ముట్టకూడదని. "ప్లేటు వదులైనా, బిగుతైనా, నెత్తురు కనబడినా, మెడలో బిళ్ళ తగిలినా వెంటనే డాక్టరుకి చెప్పు" అన్నాను. ఆ నాలుగూ నాచేత మళ్ళీ చెప్పించుకుని, తను ఒకసారి అప్పజెప్పింది.

అంచు

అసిస్టెంట్ సర్జన్ ఆపరేషన్ బాగా చేశాడు. అది ఒప్పుకోవాలి. తీసిన అంగిలిని నాకు పంపితే చుట్టూ అంచులన్నీ కోసి చూశాను. కేన్సర్ చుట్టూ మంచి చర్మం ఎంత మిగిలిందో చూడడానికి అలా చేస్తాం. మూడు వైపులా బాగుంది. ఎడమ వెనక వైపు మాత్రం కేన్సర్‌కీ కత్తికీ మధ్య మిగిలింది చాలా తక్కువ. అదే రాసి, స్వయంగా వెళ్ళి చెప్పాను.

"అంచుకి తగల్లేదు కదా మేడమ్. అంతా తీసేశాం."

"తగల్లేదు. కాని దగ్గరగా ఉంది. ప్రతి నెలా ప్లేటు తీయించి, టార్చి వేసి, ఆ మూల వేలుతో తడమాలి."

"సరే సరే."

బదిలీల గురించి రాయనన్నాను గాని ఈ ఒక్కటి తప్పదు. కొద్ది రోజులకే నన్ను కాకినాడ పంపేశారు. తిరిగి విశాఖపట్నం వచ్చేసరికి ఏడాది దాటింది.

బిగుతైన ప్లేటు

వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం, జోరుగా వాన పడుతుండగా, సన్యాసమ్మ మా ల్యాబులోకి వచ్చింది. వెనక అప్పలరాజు. మనిషి సగమైపోయింది. అటెండర్లు అడ్డుపడుతున్నా వినకుండా నా బల్ల దగ్గరికి వచ్చి, నోట్లోంచి ప్లేటు తీసి నా చేతిలో పెట్టి, నోరు తెరిచింది.

టార్చి వేశాను. నేను చెప్పిన మూలే. ఎడమ వెనక. అక్కడినుంచి దవడ దాకా ఎర్రగా, గరుకుగా పెరిగిపోయి ఉంది. మెడ తడిమితే దవడ కింద రాయిలాంటి గడ్డ, కదపబోతే కదల్లేదు.

"ఆసుపత్రికి రావడం మానేశావా?" అని అరిచాను. ఆ మాట ఎందుకన్నానా అని వెంటనే అనిపించింది.

ప్లేటు లేకపోవడంతో మాట ముక్కులోంచి వచ్చింది. అయినా ప్రతి మాటా తెలిసింది. ప్లేటుని ఆవిడ పళ్ళెం అనేది. "ఎప్పుడు మానేసేనమ్మా? రమ్మన్నప్పుడల్లా వచ్చేను. పల్లెం బిగిసిపోతందయ్యా అని సెప్పేను. ఆ డాట్రుబాబు మెడకాడ ఇలాగ ఒక సెయ్యి ఏసి, బాగుందన్నాడు. పల్లాల డాట్రులకాడికి పొమ్మని కాయితం రాసిచ్చేడు. ఆల్లు పల్లేన్ని అరగదీసిచ్చేరు."

"అరగదీశారా?"

అప్పలరాజు అందుకున్నాడు. "అవునండి మేడమ్‌గారూ. బిగుతైన పెతీసారీ అరగదీయడమే. సివరాకరికి ఇంకేటీ మిగల్నేదు. అమ్మేమో ఆ ముక్కల డాట్రమ్మకాడికి ఎల్దాం అంటాది. నువ్వు ఊల్లో నేవన్నారు. తిరిగొచ్చేవని నిన్న తెలిసింది."

ప్లేటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. కుడి పక్క చేసినప్పటి మందం అలాగే ఉంది. ఎడమ పక్క వెలుతురు అవతలికి కనబడేంత పల్చన. అర్థమైందా మీకు? లోపల కేన్సర్ పెరిగి ప్లేటుని బయటికి నెడుతోంది. వీళ్ళు కేన్సర్ పెరగడానికి చోటిస్తూ ప్లేటుని అరగదీస్తూ పోయారు. నా ఉద్యోగంలో ఇంతకన్నా నీచమైన వైద్యం నేను చూడలేదు.

డెంటల్‌కి వెళ్ళి టెక్నీషియన్ మీద విరుచుకుపడ్డాను. అతను బెదరలేదు. "ప్లేటు బిగుతుగా ఉంది, సరిచేయండి అని సర్జరీ నుంచి చీటీ వచ్చింది. సరిచేశాను. నోట్లో చూడడం నా పనా మేడమ్?" అన్నాడు. కాదు. అతని పని కాదు. ఎవరి పనో వాళ్ళు చూడలేదు. జబ్బు ఉందో లేదో చూసేవాడు సర్జన్, ప్లేటు చూసేవాడు డెంటిస్టు, ముక్క చూసేదాన్ని నేను. వీళ్ళందరి మధ్యా సన్యాసమ్మని మొత్తంగా చూసిన మనిషి లేడు.

కొత్త ముక్కలో కణాలకి తల్లి పోలిక దాదాపు పోయింది. మూడో గ్రేడు. ఎముక తినేసింది. మెడకి దిగింది. ఆఖరి స్టేజి. ఈసారి కూడా అసిస్టెంట్ సర్జన్ వరండాలోకి కొడుకుని పిలవబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"మావోడికి కాదు. నాకు సెప్పు డాట్రమ్మా."

చెప్పాను. మళ్ళీ కోయడానికి వీల్లేదని, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టిస్తామని, దానితో నొప్పి, నెత్తురు తగ్గొచ్చు గాని జబ్బు పోదని. అప్పలరాజు గోడకి మొహం తిప్పుకుని ఏడుస్తున్నాడు. ఆవిడ వాణ్ణి కసిరింది. "ఏడవకు. నువ్వు ఏడుత్తావనే నాకెవులూ ఏటీ సెప్పరు." తరువాత నావైపు తిరిగి, "ఆ పల్లెం నాకింకేటి పనికొత్తాదమ్మా. నువ్వుంచు. ఆల్లకి సూపించు" అంది.

కరెంటు పెట్టారు. కొన్నాళ్ళు నొప్పి తగ్గింది. గేదెల్ని అమ్మవద్దని కొడుకుతో పోట్లాడిందని విన్నాను. తరువాతి వానాకాలం రాకముందే పోయింది.

మీటింగు

మా ఆసుపత్రిలో ఏడాదికోసారి సర్జరీ వాళ్ళు తమ కేసుల ఫలితాలు చెప్పేవారు. ఆ ఏడు అసిస్టెంట్ సర్జన్ అంగిలి కేన్సర్ల గురించి చెప్పాడు. రంగు సుద్దలతో బోర్డు మీద బొమ్మలు అందంగా గీశాడు. చివర్లో, జబ్బు తిరగబెట్టినవాళ్ళ గురించి వచ్చేసరికి, "వీళ్ళతో ఒకటే సమస్య సార్. ఆపరేషన్ అయ్యాక చూపించుకోవడానికి సరిగ్గా రారు. వచ్చినా మళ్ళీ అడ్డపొగ మొదలుపెడతారు. ఉదాహరణకి కూర్మన్నపాలెం నుంచి వచ్చిన ఒక కేసు..." అన్నాడు.

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. నేను లేచాను.

"ఆవిడ పేరు సన్యాసమ్మ. మీరు రమ్మన్న ప్రతిసారీ వచ్చింది. ఆపరేషన్ అయిన రోజునుంచి చుట్ట ముట్టలేదని కొడుకు చెప్పాడు."

పక్కనే ఉన్న మా హెడ్ గారు నా చీర కొంగు పట్టుకుని లాగినంత పని చేశారు. "కూర్చోమ్మా, మనకెందుకు?"

"మనకే సార్" అన్నాను.

బ్యాగులోంచి ప్లేటు తీసి పక్కవాళ్ళకి ఇచ్చి, అందరికీ చూపించండి అన్నాను. ముందు వరసలో వాళ్ళు అది ఏమిటో తెలియగానే చేతులు వెనక్కి తీసుకున్నారు. ఒకాయన జేబు రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కడిగి, స్పిరిట్‌లో ఉంచి తెచ్చిన ప్లేటు అది! రోజూ నెత్తురులో చేతులు పెట్టే సర్జన్లు! చివరికి సర్జరీ ప్రొఫెసర్ లేచి వచ్చి దాన్ని ఉత్త చేత్తో తీసుకున్నారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, మాట కరుకు. లైటుకి ఎత్తి పట్టి, ఆ పల్చటి పక్కని చాలాసేపు చూశారు. అసిస్టెంట్ సర్జన్ వైపు తిరిగారు.

"ఇది తీయించి లోపల ఎన్నిసార్లు చూశావయ్యా?"

అతను బోర్డు మీది బొమ్మ తుడవబోయాడు.

"నిన్నే అడుగుతున్నది."

"చూడలేదు సార్. పల్లెటూరి ఆడమనిషి. పక్కన ఎదిగిన కొడుకు ఉంటాడు. అందరి ముందూ నోట్లోంచి అది తీయమంటే సిగ్గుపడుతుందేమోనని..."

"సిగ్గా?" అన్నాను. "నేను అడగకుండానే, మా అటెండర్లు, ఆ కొడుకు చూస్తుండగా తీసి నా చేతిలో పెట్టింది. మీరు ఒక్కసారి అడిగి ఉంటే మీ చేతిలోనూ పెట్టేది. ప్రతి నెలా అంత దూరం నుంచి బస్సెక్కి మీ దగ్గరికి ఆవిడ వచ్చింది అందుకే."